పాట వింటేనే పాలిచ్చిన గేదె

పైడితల్లి ఇంటి వెనక తాటాకుల పాక. ఆ పాకలో ఒక గేదె, దాని దూడ, ఒక ముసలి మేక. చూరులో గోరింక గూడు. గోడ మీద ఎవరింటిదో తెలియని పిల్లి. ఎవరి తిండి వాళ్ళది, ఎవరి గోల వాళ్ళది. ఫోన్ వచ్చేదాకా ఆ పాకలో చెప్పుకోదగ్గ కథే లేదు.

గేదె పేరు కాటుక. ఒళ్ళు నిగనిగలాడే నలుపు, మనసు వెన్న, బుర్ర మాత్రం కాస్త నిదానం. ఒక మాట అర్థం కావాలంటే దాన్ని కూడా గడ్డిలాగే రెండుసార్లు నెమరు వేయాలి పాపం. దూడ పేరు మినప. పుట్టి ఇంకా నెల నిండలేదు, తల్లి పాలు తప్ప మరో రుచి తెలియదు.

గేదె పాలు పితకడమంటే కుళాయి తిప్పడం కాదండోయ్. ముందు దూడని విప్పాలి. అది పరుగున వచ్చి పొదుగులో తల పెట్టి నాలుగు కుమ్ములు కుమ్మాలి. అప్పుడు గేదె చేపుతుంది, అంటే పైన దాచుకున్న పాలని చన్నుల్లోకి వదులుతుంది. అప్పుడు దూడని లాగి కట్టేసి, తపేలా పట్టుకుని కూర్చోవాలి. చివర మిగిలినవి దూడకి వదలాలి. పైడితల్లి అమ్మమ్మ కూడా ఇలాగే పితికింది.

ఇంతలో పైడితల్లికి ఫోన్ వచ్చింది. పాలు పితికే ఆ కాసేపు కూడా దాన్ని వదల్లేక, గోడ గూట్లో నిలబెట్టి పాట పెట్టుకునేది. రోజూ ఒకటే పాట. ముందు డప్పు, తర్వాత సన్నాయి, ఆ తర్వాత ఒక ఆడగొంతు అందుకుంటుంది. మొదటి రోజు కాటుక బెదిరి తపేలా తన్నేసింది. నాలుగో రోజు చెవులు రిక్కించింది. పదో రోజు డప్పు మోగగానే, దూడని ఇంకా విప్పకముందే, పాలు జరజరా దిగిపోయాయి.

"ఓసి నీ ఇల్లు బంగారం గాను!" అని పైడితల్లి మురిసిపోయింది. ఆ రోజు నుంచి దూడని ముందు విప్పడం మానేసింది. విప్పడం, మళ్ళీ లాగి కట్టడం ఎందుకు, ఒళ్ళు హూనం కావడం తప్ప! పాట పెట్టేది, పితుక్కునేది, అప్పుడు మినపని విప్పి, ఫోన్ పట్టుకుని ఇంట్లోకి పోయేది.

చిక్కు అక్కడ మొదలైంది.

"అమ్మా, రావట్లేదే," అంది మినప.

"ఉన్నాయే తల్లీ. గట్టిగా లాగు."

"లాగుతున్నానమ్మా. దవడలు నొప్పెడుతున్నాయి."

కాటుక తెల్లబోయింది. పాలున్నాయి, పొదుగు పైభాగం బరువుగా ఉంది. దూడ మీద ప్రేమా ఉంది, నాకీ నాకీ దాని వీపు తడిపేసింది. మరి దిగవేం? ఎవరు ఆపుతున్నారు? అటు చూసింది, ఇటు చూసింది, ఎవరూ లేరు. పోనీ దిష్టి తగిలిందా అనుకుంది.

రోజులు గడిచే కొద్దీ మరో వింత. మేతకెళ్ళినా మనసు పాక మీదే ఉండేది. నమిలే గడ్డి నోట్లోనే మరిచిపోయి నిలబడిపోయేది. మోగకపోయినా డప్పు మోగినట్టు వినిపించి, గబగబా ఇంటికొచ్చి గూటి వైపు చూసేది. ఫోన్ ఉండేది కాదు. మినప పక్కనుండి "అమ్మా" అని మూడుసార్లు పిలిస్తే ఒకసారి పలికేది.

ముసలి మేక పేరు ఎర్రక్క. ముగ్గురు యజమానుల దొడ్లు చూసొచ్చింది. మాట పదును, పళ్ళు ఇంకా పదును.

"ఒసే కాటుకా, నీ కూతురి డొక్కలు చూశావా?" అంది ఒక పొద్దున.

కాటుక అప్పుడు చూసింది. మినప పక్కటెముకలు ఒక్కొక్కటీ బయటికి తేలుతున్నాయి.

"ఆ పాట పిచ్చి మానుకో."

"పిచ్చేంటక్కా? ఏదో మోగుతోందని వింటున్నా. మానేయాలంటే ఈ క్షణం మానేస్తా."

"అయితే ఈ సాయంత్రం మానెయ్, చూస్తా."

సాయంత్రం డప్పు మోగింది. కాటుక మొహం గోడకేసి తిప్పుకుంది. పళ్ళు బిగబట్టింది. మనసులో గట్టిగా "వద్దు" అనుకుంది. అనుకుంటూ ఉండగానే పాలు దిగిపోయాయి.

"నేను వద్దన్నానక్కా, నిజం! పొదుగు నా మాట వినలేదు!" అని లబోదిబోమంది. తన ఒంట్లో తన మాట వినని ముక్క ఒకటుందని తెలిసి దాని బుర్ర గిర్రున తిరిగింది.

ఎర్రక్కకి ఒళ్ళు మండింది. మర్నాడు పైడితల్లి పాట పెట్టి, తపేలా తేవడానికి అలా వెళ్ళిందో లేదో, గెంతి ఒక్క కుమ్ము కుమ్మింది. ఫోన్ గూట్లోంచి ఎగిరి కుడితి తొట్టిలో పడింది. బుడగలు పైకొచ్చాయి, పాట ఆగిపోయింది.

"పీడా పోయింది," అంది మేక, గడ్డం ఆడిస్తూ.

పైడితల్లి నెత్తీ నోరూ బాదుకుని, మేకని నాలుగు తన్ని, ఫోన్ రిపేరుకి పంపింది. ఏం చేస్తుంది, పాత పద్ధతిలో దూడని విప్పింది. మినప కుమ్మింది, కుమ్మింది, నుదురు వాచేలా కుమ్మింది. ఒక్క చుక్క దిగలేదు. సాయంత్రమూ అంతే. మర్నాటికి కాటుక పొదుగు రాయిలా గట్టిపడి సలపడం మొదలుపెట్టింది. మినప నిలబడే ఓపిక లేక గడ్డిలో పడుకుంది.

"లాక్కుని పారేస్తే వదిలిపోతుందనుకున్నా," అని ఎర్రక్క నోట మొదటిసారి తగ్గిన గొంతు వచ్చింది. "నా కుమ్ముతో ఫోన్ పోయింది గాని, నీలో పాట పోలేదే."

"నా బిడ్డ చచ్చిపోతుందక్కా," అంది కాటుక. ఏడుస్తోందని చెప్పనక్కర్లేదు, కళ్ళ కింద ధార కట్టింది.

అప్పుడు చూరులోంచి డప్పు మోగింది. తర్వాత సన్నాయి. కాటుక అదిరిపడి గోడ గూటికేసి చూసింది. అక్కడ ఫోన్ లేదు. చూస్తుండగానే పాలు జలజలా దిగాయి. మినప లేచి తూలుకుంటూ వచ్చి నోరు పెట్టింది.

పాడింది గోరింక. విన్నదల్లా గొంతులో దాచుకునే జాతి కదా, నెల రోజులుగా వింటున్న పాట పొల్లు పోకుండా దించేసింది. టింగుమంటూ కిందికొచ్చి కాటుక వీపెక్కింది.

"ఏమ్మా వదినా, ప్రాణం కుదుటపడిందా? పూటకోసారి పాడతా. బదులుగా నీ తొట్టిలో తవుడు పైపైన నాకు. సరేనా?"

"పైపైనేం, తిన్నంత తిను!" అంది కాటుక. ఆ పూట మినప కడుపు నిండి నిద్రపోతే, కాటుకకి గోరింక దేవతలా కనిపించింది.

దేవత నాలుగు రోజులే. ఐదో రోజు తవుడు సగం కావాలంది. ఆరో రోజు "ఇవాళ గొంతు బాలేదు వదినా" అని, కాటుక బతిమాలేదాకా నోరు విప్పలేదు. ఏడో రోజు మధ్యాహ్నం జరిగింది అసలు ఘోరం.

పైడితల్లి పొలంలో ఉంది. మినప అవతలి గుంజకి కట్టేసి ఉంది. గోరింక చూరులో కూర్చుని, వేళ కాని వేళ డప్పు అందుకుంది. కాటుక పాలు వాటంతటవే నేల మీదికి కారడం మొదలుపెట్టాయి. గోడ మీది పిల్లి తీరిగ్గా దిగొచ్చి, పొదుగు కింద కూర్చుని, నాలుకతో అందుకుంది.

"ఆపవే గోరింకా! ఇప్పుడెందుకు పాడతావ్?"

"ఏం చేయను వదినా, గూట్లో నా గుడ్లున్నాయి. వాటి జోలికి రానని పిల్లి బావగారు మాటిచ్చారు. ఊరికే ఇస్తారా ఎవరైనా మాట?"

"పాలు వెచ్చగా ఉన్నాయి," అంది పిల్లి, మీసాలు తుడుచుకుంటూ.

అవతల మినప తాడు లాగుతూ "అమ్మా, అవి నావే!" అని అరుస్తోంది. కాటుక కాళ్ళు దగ్గరికి పెట్టింది, పొట్ట బిగించింది, తోకతో పిల్లిని కొట్టింది. పాలు మాత్రం కారుతూనే ఉన్నాయి. తన పాలు తన బిడ్డకి కాకుండా పోతుంటే తానే ఇస్తోందా, ఎవరైనా తీసుకుంటున్నారా, అదీ తేల్చుకోలేకపోయింది. అంత సిగ్గు దానికి పుట్టాక ఎప్పుడూ కలగలేదు.

ఇదంతా ఎర్రక్క ఒక మూల నుంచి చూసింది. గడ్డం కొస నములుతూ చాలాసేపు ఆలోచించింది. తర్వాత కాటుక చెవి దగ్గరికొచ్చింది.

"ఇక మానమని నిన్ను తిట్టనే. పాట మోగినప్పుడల్లా మినప నీ కింద ఉండాలి, అంతే. మిగతాది నాకొదిలెయ్."

"ఉంటే ఏమవుతుందక్కా?"

"నీకు చెప్తే అర్థమయ్యేలోగా దూడ గేదె అవుతుంది. ఊరుకో."

మర్నాడు మధ్యాహ్నం గోరింక డప్పు అందుకోగానే ఎర్రక్క దూడ గుంజ దగ్గరికి నడిచి, పలుపుతాడు ఒక్క కొరుకు కొరికింది. మినప దూసుకొచ్చి పొదుగులో తల పెట్టి కుమ్మింది. దూడ గిట్ట తోక మీద పడి పిల్లి కెవ్వుమంది.

పైడితల్లి వచ్చి తాడు చూసి, మేకని తిట్టి, కొత్త ముడి వేసింది. మర్నాడు మేక మళ్ళీ కొరికింది. మూడో రోజు పిల్లి చూరు కింద నిలబడి పైకి చూసింది. "గోరింకా, నాకు నురగ తప్ప మిగలట్లేదు. గుడ్లు ఎన్ని పెట్టావన్నావ్?"

గోరింకకి ముచ్చెమటలు పట్టాయి. ఎర్రక్క అటుగా పోతూ ఆగింది. "ఎందుకమ్మా కంగారు? దూడ నీ పాట బట్టీ పట్టేసింది. డప్పు వినగానే తెంపుకుని పరిగెడుతోంది."

"తాడు కొరికేది నువ్వు కదా!"

"నాకేం పని? అది లాగినచోట నారంతా పీచై వేలాడుతుంటే నోరూరి నమిలాను. మేకని కదా. రోజూ కాస్త మార్చి పాడు, దానికి పోలిక తెలియకుండా పోతుంది."

నిజమే అనిపించింది గోరింకకి. మర్నాడు డప్పు ముక్క తీసేసింది. మినప వచ్చేసింది, కుమ్మింది, పాలు దిగాయి. ఆ మర్నాడు సన్నాయి తలకిందులు చేసింది. మినప వచ్చేసింది. ఆ తర్వాత ఆడగొంతు తీసి ప్రెషర్ కుక్కర్ విజిల్ పెట్టింది. ఇంకోరోజు సోడాబండి గంట కలిపింది. ఏం పాడినా మేక పళ్ళు మేక పని చేశాయి, మినప తల మినప పని చేసింది. పొద్దున, సాయంత్రం పైడితల్లి దూడని విప్పినప్పుడూ అదే కలగాపులగం. కాటుకకి ఇది పాటో, బజారో తెలియలేదు. ఒక్కటే తెలిసేది, ఏం మోగినా సరే, పొదుగులో ఒక వెచ్చని నుదురు కుమ్ముతోంది, పాలు దిగుతున్నాయి.

ఎనిమిది రోజులయ్యాక ఎర్రక్క తాడు కొరకలేదు. దూరంగా పడుకుని కళ్ళు మూసుకుంది. గోరింక పాట ఎత్తుకున్నా, గుంజకి కట్టిన మినప కట్టినట్టే ఉంది.

"చూశారా బావగారూ! ఇవాళ దూడ గుర్తుపట్టలేదు! రండి!" అని గోరింక ఎగిరి గంతేసి గొంతు పెంచింది. విజిల్ వేసింది, గంట కొట్టింది. పిల్లి పొదుగు కింద కూర్చుని నోరు తెరిచింది.

చుక్క రాలలేదు.

"పాత పాట పాడు!" అంది పిల్లి.

గోరింక డప్పు అందుకోబోయింది. సగంలో కుక్కర్ అడ్డొచ్చింది. సన్నాయి మొదలుపెడితే సోడాబండి దూరింది. మార్చీ మార్చీ అసలు పాట దానికే గుర్తు లేదు! కాటుక చెవి ఒకసారి అదిరింది, అంతే. పొదుగు కదలలేదు. కాటుక వంగి తన పొదుగుని తానే చూసుకుంది, ఎవరిదో అన్నట్టు.

"నన్ను ఆడిస్తున్నావా?" అని పిల్లి చూరు మీదికి లంఘించింది. అప్పుడు కాటుక, ఏ ఆలోచనా లేకుండా, తల ఒక్క విసురు విసిరింది. పిల్లి వెళ్ళి కుడితి తొట్టిలో పడి, తడి తోకతో గోడ దూకి, మళ్ళీ ఆ దొడ్డి మొహం చూడలేదు.

"గుడ్లు కాపాడావు వదినా," అంది గోరింక.

"గుడ్లున్నదానివని కాపాడా. ఇక తొట్టిలో ముక్కు పెట్టావో, ఊరుకోను. నా ఒంటి మీది పిడుదులు ఏరుకుని బతుకు."

ఆ వారమే ఫోన్ బాగై వచ్చింది. పైడితల్లి సంబరంగా గూట్లో నిలబెట్టి పాట పెట్టి, తపేలా పట్టుకుని కూర్చుంది. అసలు డప్పు, అసలు సన్నాయి. కాటుక ఒళ్ళు ఒకసారి జలదరించింది. ఎక్కడో విన్నానే అనిపించింది. మినప వైపు తిరిగింది. పాలు దిగలేదు.

"ఏటయ్యిందే నీకు?" అంటూ పైడితల్లి సౌండు పెంచింది. పాట మార్చింది. ఫోన్ దులిపి చెవి దగ్గర పెట్టుకుంది. చివరికి విసుగొచ్చి ఫోన్ ఆపేసి దూడని విప్పింది. మినప వచ్చి రెండు కుమ్ములు కుమ్మిందో లేదో, తపేలా చాలనన్ని పాలు.

"రిపేరు సరిగ్గా చెయ్యలేదు, దొంగ సచ్చినోళ్ళు," అనుకుంటూ ఫోన్‌ని చూసి నిట్టూర్చింది పైడితల్లి. ఆమెకి ఈ కథ ఇప్పటికీ తెలియదు.

కాటుక మినప వీపు నాకుతూ, "అక్కా, ఇంతకీ నాకేమైంది? ఏం చేసి బాగు చేశావ్?" అని అడిగింది.

"నెమరు వెయ్, రేపటికి అర్థమవుతుంది," అంది మేక, మిగిలిన తాడు ముక్క నములుతూ.

నీతి: వ్యసనాన్ని లాక్కుంటే పోదు, అది ఆక్రమించిన చోట మనవాళ్ళని రోజూ నిలబెడితే పోతుంది.