పగటి దీపాలు

నూనెకు కరువొచ్చిన ఏడు చింతమర్తి రాజుగారు చాటింపు వేయించారు. అవసరం లేకుండా వెలిగే దీపం ఎవరు పట్టిస్తే వారిదేనట. మర్నాడే దీపాల అధికారి వీరభూపతి సాలెవీధి పోలమ్మ ఇంట్లో ఉన్న ఒక్క దీపాన్నీ పట్టుకుపోయాడు. జబ్బుపడ్డ అత్తకు రాత్రిపూట మందు పట్టడం అవసరం కాదట.

పోలమ్మకు ఒళ్లు మండింది. తిన్నగా కొలువుకెళ్లింది. మిట్టమధ్యాహ్నం కిటికీలన్నింటికీ మందపాటి తెరలు, లోపల నూరు దీపాలు, వాటి నడుమ రాజుగారు.

"పగలు ఈ తెరలెందుకు బాబూ?" అని అధికారిని అడిగింది.

"తెర తీస్తే దీపాల అందమేం కనబడుతుందే?"

"మేం చీకటి పడితే దీపం పెడతాం. మీరు దీపాల కోసం చీకటి పెట్టుకున్నారన్నమాట."

అంటూనే పక్కనున్న తెర లాగేసింది. కొలువంతా ఎండ పరుచుకుంది.

"మారాజా, మీ చాటింపు ప్రకారం ఈ నూరు దీపాలూ పట్టించాను. ఇక ఇవి నావి. కానీ నాకివన్నీ ఎందుకు? నా దీపం నాకిప్పించి, వీటి నూనె మా వీధికి పోయించండి."

రాజుగారు లేచి, మిగతా తెరలు తనే తీశారు.

ఆ సాయంత్రం వీరభూపతి చేతిలో పోలమ్మ దీపంతో, నెత్తిన నూనెకుండతో, ఆమె వెనకే సాలెవీధికి నడిచాడు.