ఇరవై బాణాల విల్లు

ఒకానొక రాజ్యంలో పనిముట్లకు పెద్ద ఆపద వచ్చిపడింది.

ఆ రాజ్యాన్ని ఏలే ప్రతాపకంఠీరవుడికి వింత వస్తువులంటే మహా మోజు. వాటికోసం కోటలో ఒక శాలే కట్టించాడు. తనకు తెలియని వస్తువు ఏదైనా సరే, ఆయన లెక్కలో అది వింత వస్తువే. బుద్ధెరిగాక రాజుగారు ఒక్క పనీ చేసి ఎరుగరు గనుక, రాజ్యంలో సగం వస్తువులు వింతలైపోయాయి. భటులు ఇళ్లలో జొరబడి వాటిని పట్టుకొచ్చేవారు. ఆస్థాన పండితుడు విశ్వంభర శాస్త్రి ఒక్కొక్కదాన్నీ అటూ ఇటూ తిప్పి, కాసేపు కళ్లు మూసుకుని, అదేమిటో సెలవిచ్చేవాడు. ఆ మాట రాగిరేకు మీద చెక్కి పక్కన తగిలించేవారు.

అలా కుమ్మరి ఇంట్లో కుండ అడుగు తట్టే చెక్క పూర్వపు మహారాణి విసనకర్ర అయింది. చేపలు పట్టే వెదురుబుట్ట పరదేశపు సేనాని శిరస్త్రాణం అయింది. మంత్రసాని బొడ్డు కోసే చిన్న కొడవలి నాగకన్య గోరు అయింది. "కాదు మహాప్రభో, అది కుండలు తట్టే చెక్క" అని నోరు జారినందుకు కుమ్మరి మూడు రోజులు కోటగోడకు రాళ్లు మోశాడు.

చివరికి సాలెవీధిలో నీలవ్వ ఆసుకు మూడింది.

ఆసు అంటే విల్లులా వంగిన కర్ర. ఆ వంపు పొడుగునా ఇరవై పుల్లలు నిలబడి ఉంటాయి. వాటికి ఎదురుగా, చేయి చాచినంత దూరంలో ఒక మేకు. పట్టుదారాన్ని మేకు నుంచి పుల్లకూ, పుల్ల నుంచి మళ్లీ మేకుకూ తిప్పుతూ పోతే చీరకు కావలసిన దారం సిద్ధమవుతుంది. అది అయితేనే మగ్గం ఆడేది. మగ్గం మీద కూర్చునేవాడు మొగుడు గనుక లోకం అతన్ని నేతగాడంటుంది. పొద్దుట్నుంచీ ఆసు పోసి భుజం అరగదీసుకునే నీలవ్వను నేతగాడి పెళ్లాం అంటుంది.

ఆసు పోయి పన్నెండు రోజులైంది. కొత్తది చేయించుకుంటే దాన్నీ పట్టుకుపోయారు. మగ్గం ఖాళీ. పొయ్యి ఖాళీ.

"పోయిందేదో పోయింది. రాజుతో మనకెందుకే?" అన్నాడు మొగుడు.

"పోయింది నీ మగ్గం అయితే ఈ మాట అందువా?" అని నీలవ్వ పట్టుదారం కండె కొంగున కట్టుకుని కోటకు బయల్దేరింది.

ఆవేళ ప్రజలు శాలను చూసి మెచ్చుకోవలసిన రోజు. మెచ్చుకోకపోతే ఏమవుతుందో కుమ్మరిని చూసి అందరూ నేర్చుకున్నారు. నీలవ్వ వెళ్లేసరికి ఆమె ఆసు నడిమధ్యన, పట్టుపరుపు మీద ఉంది. రాజు దాని పక్కన మీసం దువ్వుతూ నిలబడ్డాడు.

"మా వంశకర్త విల్లు! ఒక్క పట్టున ఇరవై బాణాలు!" అన్నాడు రాజు.

"పుల్లకొక బాణం" అన్నాడు శాస్త్రి.

నీలవ్వ వంగి దండం పెట్టింది. "శాస్త్రిగారు చెప్పాక తిరుగేముంది ప్రభూ! చూడగానే నాకూ ఒళ్లు పులకరించింది. కానీ దీనికి నారి ఏదండీ?"

రాజు శాస్త్రి వంక చూశాడు.

"నారి... కాలగర్భంలో కలిసిపోయింది" అన్నాడు శాస్త్రి.

"కలవలేదు స్వామీ, నా కొంగున ఉంది." నీలవ్వ కండె విప్పి చూపించింది. "ఈ విల్లు ఎక్కుపెట్టే విద్య మా ఆడవాళ్లకు తాతమ్మల నాటి నుంచీ వస్తోంది."

"ఆడవాళ్లకా?" రాజు కనుబొమలు ముడిచాడు.

"వీరులకు తీరిక ఉండదు గదా ప్రభూ. మాకు అప్పగించి యుద్ధాలకు పోయారు."

రాజు తల పంకించాడు. ఆ మాట నచ్చింది.

"తొమ్మిది వేలసార్లు దారం తిప్పాలి. తెగకూడదు, పుల్ల తప్పకూడదు. ఎవరు ఎక్కుపెడితే విల్లు వారిది. అది ఆచారం" అంది నీలవ్వ.

"ఓస్! దారం తిప్పడమేగా? ఈ సభ సాక్షిగా ఒప్పుకున్నాం" అని రాజు ఉత్తరీయం బిగించాడు.

మొదటి వందకు సభ జయజయధ్వానాలు చేసింది. రెండో వందకు రాజు కిరీటం తీసి పక్కన పెట్టాడు. మూడో వందకు ఇద్దరు వింజామరలు పట్టారు. నాలుగొందల ఇరవై దగ్గర దారం ఒక పుల్ల దాటేసింది.

"తప్పింది ప్రభూ. పోసింది ఊడదీసి మళ్లీ మొదటినుంచీ పోయాలి."

"మళ్లీనా?" రాజు గొంతు సన్నగా పలికింది. "మా సేనాపతి పోస్తాడు."

ఏనుగు తొండాన్ని వంచినవాణ్ణని చెప్పుకునే సేనాపతి ఏడు వందల దగ్గర భుజం పట్టుకుని చతికిలబడ్డాడు. శాస్త్రి వంతు వచ్చింది. "నా చెయ్యి ఆశీర్వచనాలకు అలవాటు పడింది" అంటూనే కూర్చుని, అరవైకే లేచాడు.

"నేనొకసారి చూస్తాను" అంది నీలవ్వ.

పట్టుపరుపు లాగేసి నేలమీద కూర్చుంది. చెయ్యి కదలడం మొదలుపెట్టింది. మేకు, పుల్ల, మేకు, పుల్ల. వెయ్యి అయింది. రెండు వేలు అయింది. పరదా వెనక రాణివాసపు ఆడవాళ్లతో, "ఏం కూర వండారమ్మా ఇవాళ?" అని మాట కలిపింది. లెక్క చెప్పే కవులు గొంతెండి ఇద్దరు మారారు. సభ భోజనాలకు లేవడానికి జంకింది. పొద్దు వాలుతుండగా ఆమె చివరి పోగు ముడి వేసి మెటికలు విరుచుకుంది.

"భేష్! ఇక బాణం వెయ్యి!" అన్నాడు రాజు.

"బాణాలు రావు ప్రభూ. దీనినుంచి చీర వస్తుంది. ఇది ఆసు."

శాస్త్రి రాగిరేకు వంక చూడకుండా పైకప్పు వంక చూశాడు.

"అయితే ఈ విల్లు ఇన్నాళ్లూ ఎవరిని కూల్చినట్టు?" రాజు గద్దించాడు.

"మా భుజాలను ప్రభూ. ఇవాళ ఏలినవారిది కూడా."

"రాజధిక్కారం!" అని శాస్త్రి అరిచాడు. భటులను పిలవాలంటే రాజు కుడిచెయ్యి ఎత్తాలి. అది ఆ కోట మర్యాద. ప్రతాపకంఠీరవుడు చెయ్యి ఎత్తబోయాడు. నడుము దాకా వచ్చి అక్కడే వేలాడింది. ఎడమచేత్తో ఎత్తి చూశాడు. "అమ్మా!" అన్నాడు.

పరదా వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రాజు తన చెయ్యి వంకా, నీలవ్వ చెయ్యి వంకా చూసి, ఆపుకోలేక పకపకా నవ్వేశాడు. నవ్వితే భుజం కలుక్కుమంది. అయినా నవ్వాడు.

"ఇది రోజూ చేస్తావా?"

"రోజుకు రెండుసార్లు. మధ్యలో వంట."

రాజు తన భుజం తడుముకున్నాడు. తర్వాత శాస్త్రి వైపు తిరిగాడు. "అయ్యా, ఈ శాలలోవన్నీ ఎవరివి వాళ్లకు మీరే మోసుకెళ్లి ఇవ్వండి. ఏది దేనికో అడిగి తెలుసుకుని రండి. కళ్లు మూసుకోకుండా."

నీలవ్వ ఆసు చంకనెత్తుకుంది.

"ఆగు. మా కంకణం బహుమానంగా తీసుకో" అని రాజు దాన్ని ఊడదీయబోయి నీరసంగా నవ్వాడు. "మాకు చెయ్యి ఆడటం లేదు. నువ్వే తీసుకో."

నీలవ్వ ఆసు కింద పెట్టి, ఏ చేతిదో రాజు చెప్పలేదు గనుక రెండు చేతులవీ తీసుకుంది.