మూపు మల్లయ్య కొండపై రాతికుప్ప

మూపు మల్లయ్య కొండ ఎక్కిన భక్తులు ముందుగా విగ్రహం కోసం వెతుక్కుంటారు. విగ్రహం లేదు. ఎద్దు మూపులా పేర్చిన రాతికుప్పకే ఇక్కడ పసుపు కుంకుమలు, నైవేద్యం. పైకప్పు లేదు, చుట్టూ గోడ లేదు. గుడి కట్టిస్తామని వచ్చే దాతలను పూజారులు చేతులు జోడించి వెనక్కి పంపుతారు. ఈ కొండ కథ సంతోషంగా చెప్పుకునేది కాదు, అయినా చెప్పక తప్పదు.

పూర్వం ఇక్కడ కుప్పకు బదులు మూపు ఆకారంలో ఒకే పెద్ద బండ ఉండేది. కొండ కింద కరియప్ప అనే గొర్రెల కాపరి, తల్లి లేని కూతురు సుంకమ్మతో నివసించేవాడు. మందను మేపేది సుంకమ్మే. మబ్బు కమ్మినా, వాన కురిసినా మంద దారి తప్పేది కాదు. ముందు నడిచే ముసలి గొర్రె, మూపుబండ ఆకారం కనబడగానే ఎడమకు మళ్లి కొండ దిగేది. తక్కినవి దాని వెంట దిగేవి. ఆ మలుపు దాటి ముందుకు పోతే లోయ.

ఒకనాడు మల్లయ్య స్వామి కరియప్పకు కలలో కనిపించి, "నేను ఈ బండలో ఉన్నాను" అని మాత్రం పలికాడు. స్వామి బయటికి రావాలనుకుంటున్నాడని తలచి, ఆ అమాయకుడు శిల్పులను పిలిపించాడు.

"నాయనా, ఆ బండను జూసే గదా మన గొర్రెలు మళ్లేది. దాన్ని కొట్టించొద్దు," అని సుంకమ్మ బతిమాలింది.

"దోవ సూపేది దేవుడు గానీ బండ గాదులేమ్మా," అన్నాడు కరియప్ప.

బండ చీలింది. ఆ సాయంత్రమే జడివాన పట్టుకుంది. ముసలి గొర్రె మూపు కోసం తలెత్తి చూసింది, కానరాలేదు. నడుస్తూ పోయి, లోయ అంచున అలాంటి వంపే ఉన్న ఇంకో రాయిని చూసి, అదే అనుకుని ఎడమకు మళ్లింది. అక్కడ దారి లేదు. అడ్డం పరుగెత్తిన సుంకమ్మ, ముందున్న గొర్రెలతోపాటే లోయలో పడిపోయింది.

కరియప్ప గుండెలు బాదుకుని ఏడ్చాడు. స్వామి తనను చెక్కమనలేదని, ఉన్నచోటు చెప్పాడంతేనని అతనికి అప్పుడు అర్థమైంది. చెక్కడం మొదలుపెట్టిన విగ్రహాన్ని వదిలేసి, పగిలిన ముక్కలన్నీ ఏరి, పాత ఆకారం వచ్చేదాకా పేర్చాడు. బతికిన గొర్రెలు దాన్ని చూసి మళ్లీ ఎడమకు మళ్లాయి. వాటి వెనుక సుంకమ్మ లేదు.

గాలివానలకు కుప్ప ఏటా కొంత జారుతుంది. అందుకే కొండెక్కే ప్రతి ఒక్కరూ కింది నుంచి ఒక రాయి మోసుకొచ్చి, కాపరులు చూపిన చోట ఉంచుతారు. అలా మోసినవారి పశువులు ఎంత దూరం పోయినా ఇల్లు చేరతాయని నమ్మకం. తప్పిపోయిన మనుషుల కోసం మాత్రం ఇక్కడ ఎవరూ మొక్కుకోరు. కరియప్ప ఒక్కడే, బతికినన్నాళ్లూ మొక్కుకున్నాడు.