గంటకి గుడ్డ చుట్టించిన దొర

అనగనగా ఒక ఊళ్ళో కిటికీల్లేని కోట ఒకటి ఉండేది కన్నా. ఆ కోటకి నట్టనడుమ ఒక చీకటి గది. ఆ గదిలో ఒక దొర.

ఆ దొర పుట్టి బుద్ధెరిగి ఎండ చూడలేదు, పాట వినలేదు, పువ్వు వాసన పీల్చలేదు. గోడలు అంత మందం! వెలుగు గోడ దాటదు, చప్పుడు గోడ దాటదు. మరి బయటేం జరుగుతోందో ఆయనకెలా తెలిసేదీ అంటావు కదూ? తాళ్ళతో తెలిసేది.

కోట చుట్టూ కాపలావాళ్ళుండేవారు. బురుజు మీద కూర్చున్నవాడు వెలుగు కనిపెట్టేవాడు. వాకిట్లో కూర్చున్నవాడు చప్పుడు కనిపెట్టేవాడు. సన్నాసని ఒక ముసలాయన వాసనలు కనిపెట్టేవాడు. అందరి చేతుల్లోనూ తాళ్ళే. ఆ తాళ్ళ రెండో కొసలు దొర గదిలో గంటలకి కట్టి ఉండేవి.

వెలుగొచ్చినా తాడు లాగడమే, పాటొచ్చినా తాడు లాగడమే. తాడు వెంబడి వెలుగు పోదు, పాట పోదు, ఒట్టి కుదుపు పోతుంది. గంటలన్నీ ఒకేలా టింగుమంటాయి. ఏ మూల గంట మోగిందో విని, "ఓహో, తెల్లారింది" అనీ, "ఓహో, ఎవరో పాడుతున్నారు" అనీ దొర అనుకునేవాడు.

నూకాలని ఒకామె ఉండేది. ఆమెది గోడ కాపలా. అరచెయ్యి గోడకి ఆనించి కూర్చోవాలి. గోరువెచ్చగా ఉంటే ఊరుకోవాలి. హద్దు దాటి కాలితే తాడు లాగాలి. కొంచెం కాలితే ఆగి ఆగి లాగాలి, బాగా కాలితే గబగబా లాగాలి. అంతేగానీ గట్టిగా లాగితే గంట గట్టిగా మోగుతుందనుకునేవు, మోగదు. ఎంత బలం పెట్టినా అదే టింగు.

పాట గంట మోగితే దొర మురిసిపోయి ఆ కాపలావాడికి వెండి కడియం పంపేవాడు. వెలుగు గంటకీ అంతే. నూకాలు గంట మోగితే మాత్రం, "మళ్ళీ మొదలెట్టిందీ!" అని పళ్ళు నూరేవాడు. నిప్పు గురించి చెప్పినదాని మీద కోపమేమిటి చెప్పు? నాకైతే తల్చుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

ఇలా ఉండగా వానాకాలం వచ్చింది. కమ్మరి పాక కురుస్తోందని కొలిమిని తెచ్చి కోట గోడకి ఆనించి పెట్టారు. ఆ గోడకి అవతల ఊయల గది. పనివాళ్ళ పసిపిల్లలందరూ పగలు ఆ గదిలోనే ఉండేవారు. నూకాలు కూతురు చిలకమ్మ కూడా అక్కడే. అడుగులేస్తుంది గానీ ఇంకా మాటలు సరిగ్గా రాని పిల్ల.

ఆ గది తలుపుకి బయట అడ్డగడియ. గడియ తియ్యడానికి ఒక తలుపు మనిషి. దొర గదిలోంచి అతని దాకా ఇంకో తాడు. ఆ తాడు కదిలితేనే అతను గడియ తియ్యాలి. అది కోట కట్టుబాటు.

కొలిమి రాజుకుంది. పొగ వాసనకి సన్నాసి గబగబా తాడు లాగాడు. కాసేపటికి ఆగి ఆగి లాగాడు. ఆ తర్వాత మానేశాడు.

"ఏం సన్నాసి తాతా, పొగ పోయిందా?" అని అరిచింది నూకాలు.

"ఉంది లేవే. ఇందాకట్నుంచీ ఉన్నదేగా! ఉన్నదాన్నే ఎన్నిసార్లు చెప్పమంటావ్? కొత్త వాసనొస్తే చెబుతా."

ముసలాయన పనే అంత, కన్నా. ఒంటి మీది గుడ్డ అలవాటైపోయినట్టు వాసన అలవాటైపోయింది ఆయనకి. కానీ నూకాలు చెయ్యి అలా అలవాటు పడదు. గోడ కాలుతూనే ఉంది, ఆమె లాగుతూనే ఉంది.

అప్పుడు దొరగారి దివాను పైడయ్య వచ్చాడు. "నూకాలూ, దొరగారు పాట గంట వింటున్నారు. కాస్త మెల్లిగా లాగు."

"మెల్లిగా అంటే తాడుకి తెలీదు బాబూ. కాలినంత లాగుతాను. కొలిమి తీయించండి, నేనే ఆపేస్తా."

పైడయ్య వెళ్ళిపోయాడు. గోడ ఇంకా కాలింది. నూకాలు ఇంకా గబగబా లాగింది. అప్పుడు పైడయ్య మళ్ళీ వచ్చాడు.

"నీకు చెప్తే అర్థం కాదా? దొరగారికి తలపోటు వచ్చేసింది!"

"తలపోటొస్తే గోడ చూడమనండి! అవతల పిల్లలున్నారు!"

"పిల్లలూ పిల్లలూ అని నీ గోలొకటి. నీకే ఉందేమిటి పిల్ల?"

ఆ మాటకి నూకాలు కళ్ళు ఎర్రబడ్డాయి. పళ్ళు బిగబట్టి లాగుతూనే ఉంది.

ఆ తర్వాత పైడయ్య మూడోసారి వచ్చాడు. ఈసారి నవ్వుతూ వచ్చాడు. "ఇంక నీకిష్టమొచ్చినట్టు లాక్కోవమ్మా. నీ గంట నాలిక్కి గుడ్డ చుట్టించేశారు దొరగారు. హాయిగా ఉందట."

హాయిగా ఉందట! విన్నావా?

ఆ మాట విన్న నూకాలు కోపంతో లేచి నిలబడింది. గోడ మీద చెయ్యి ఆనితే చర్రుమంది. కేకేస్తే అవతలికి వినపడదు. పరిగెడితే కోటంతా చుట్టి రావాలి. లోపల చిలకమ్మ ఉంది.

అప్పుడు ఆమె కన్ను పక్కకి పోయింది. దొర గదిలోంచి తలుపు మనిషి దగ్గరికి పోయే తాడు ఆ గోడ మీదుగానే పోతోంది. దొర తప్ప ఎవరూ ముట్టకూడని తాడు. నూకాలు దాన్ని రెండు చేతులా పట్టుకుని గబగబా లాగేసింది.

తలుపు మనిషి దగ్గర తాడు కదిలింది. ఎవరు లాగారో తాడు చెప్పదు కదా! అతను గడియ తీశాడు. తలుపు తెరవగానే గుప్పున పొగ. దూలం అప్పటికే అంటుకుంది. ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఊయలల్లోంచి పిల్లల్ని లాగి లాగి బయటికి తెచ్చారు. ఆ తర్వాత దూలం కూలింది.

పిల్లలందరూ బతికారు. కానీ నేల కాలిపోయి ఉందేమో, నడిచొచ్చిన చిలకమ్మ అరికాళ్ళు బొబ్బలెక్కాయి.

నూకాలు కూతుర్ని ఎత్తుకుని తిన్నగా దొర చీకటి గదిలోకి నడిచింది. దివాను తప్ప ఎవరూ ఏనాడూ వెళ్ళని గది. పైడయ్య అడ్డం రాబోయి ఆమె మొహం చూసి పక్కకి తప్పుకున్నాడు.

"ఎవరది? ఏ గంటా మోగలేదే?" అన్నాడు దొర.

"ఎలా మోగుతుంది? గుడ్డ చుట్టించావు కదా!"

"నువ్వా నూకాలూ? నన్నడక్కుండా తలుపు తీయించావట!"

"అడిగాను. పొద్దుట్నుంచీ అడిగాను. చెయ్యి కాలుతున్నా అడిగాను."

"నాకేం తెలుసు? నా దాకా వచ్చింది చప్పుడే. టింగు టింగుమని చెవులు హోరెత్తిపోయాయి..."

నూకాలు చీకట్లో తడిమి దొర చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి తెరిచి, పొక్కులకి ఒత్తుకోకుండా కూతురి మడమ అందులో ఉంచింది. దొర ఎప్పుడూ ఎవర్నీ ముట్టుకోలేదు. వేలు కదిపాడు. పిల్ల కెవ్వుమంది.

దొర బిక్కచచ్చిపోయాడు. "ఏమిటిది? మెత్తగా, వేడిగా... ఎందుకలా ఏడుస్తోంది?"

"ఇదే దొరా, నేను మోగించిన గంట."

చీకట్లో దొర లేచాడు. తడుముకుంటూ వెళ్ళి, ఆ గంటకి చుట్టిన గుడ్డ తనే విప్పాడు. చేతి కడియం తీసి ఇవ్వబోయాడు.

"నీ కడియం నీ దగ్గరే ఉంచుకో," అంది నూకాలు. "ఇకమీదట గోడ కాలితే ముందు తలుపు తీయిస్తాను. ఆ తర్వాతే నీకు చెబుతాను. ఇష్టమైతే విను, లేకపోతే మానెయ్."

దొర సరేనన్నాడు. అనక ఏం చేస్తాడు?

అందుకే కన్నా, వేడి పెనం తగిలితే నీ చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చేస్తుంది. "అమ్మా" అనేది ఆ తర్వాతే. నీ తలలోనూ కిటికీల్లేని గదిలో దొర ఒకడున్నాడు, నీ వేళ్ళ చివర్లలోనూ నూకాళ్ళున్నారు. వాళ్ళు మొత్తుకుంటే విసుక్కోకు. నొప్పెడితే దాచిపెట్టకు. నాకు చెప్పు.

నూకాలు కోపం చల్లారిందా అంటావా? లేదు. చల్లారకూడదు కూడా.

కథేమో కంచికి వెళ్ళింది,
దారేమో ఇంటికి మళ్ళింది,
నూకాలు గోడకే ఆనుకుంది,
నీ నిద్దర నా ఒళ్ళో వాలింది.