సూరమ్మ నమిలేసిన దండ

కొండదిగువ అడవిలో గుండె ఆగి చచ్చే జంతువులు బాగా తగ్గిపోయాయి. దానికి కారణం ఒక గాడిద. మీరు నమ్మరు కదూ? అడవీ నమ్మలేదు.

ఆ గాడిద పేరు సూరమ్మ. పదేళ్లుగా కనబడ్డ ప్రతి జంతువు ఎడమ డొక్కకీ తన పొడవాటి చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి గుండె చప్పుడు వింటోంది. చప్పుడులో తేడా వస్తే బరువులు మోయొద్దనేది. గుండె నీరసించిన ముసలి దుప్పిని "గుట్ట ఎక్కకు, వాగు పక్కనే మేసుకో" అంటూ రెండేళ్లుగా బతికించుకొస్తోంది.

అయితే సింహం కొలువులో గాడిద నోరు విప్పకూడదు. ఓండ్ర పెడితే రాజుగారికి నిద్రాభంగమని ఎప్పుడో పెట్టిన కట్టడి. అందుకని సూరమ్మ తను తెలుసుకున్నదంతా జంబుకరావు అనే నక్కకి చెప్పి పంపేది. నక్క కొలువులో నిలబడి "నేను కనిపెట్టాను ప్రభూ" అనేది. ఏనాడైనా ఒక్క గుండెకి చెవి ఆనించిన పాపాన పోలేదు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఒకనాడు సింహం చాటింపు వేయించింది. గుండెజబ్బు గుట్టు విప్పినందుకు జంబుకరావుకి సంపెంగల దండ. దండ పడ్డాక జబ్బుపడ్డ ప్రతి జంతువూ నక్క మాటే వినాలి.

సూరమ్మకి ఒళ్లు మండిపోయింది. దండ పోతే పోయింది, దుప్పి గతేమిటి? రోజూ గుట్ట మీది తన గుహ దాకా నడిచి రమ్మని నక్క అప్పుడే దానికి చెప్పేసింది. గుట్టెక్కిన దుప్పి మళ్లీ దిగదు. దిగకపోతే నక్కకి విందు.

వెళ్లి నిలదీసింది. "నా పదేళ్ల కష్టం నీ పేరున రాసుకున్నావు. సరే. ఆ దుప్పి జోలికి మాత్రం పోకు."

"గాడిదకేం తెలుసు గంధపుచెక్కల వాసన," అని నక్క పళ్లికిలించింది. "కొలువులో నీకు నోరే లేదు. ఎవరితో మొరపెట్టుకుంటావు?"

"చూద్దువుగాని," అంది సూరమ్మ.

దండ వేసే రోజు రానే వచ్చింది. కొలువు ముందు కొత్త పందిరి వేశారు. సింహం దండ ఎత్తింది. నక్క మెడ వంచింది. అంతే, సూరమ్మ పదేళ్లు దాచుకున్న ఓండ్రంతా ఒక్కసారే పెట్టింది. కొమ్మల మీది కోతులు జారి కిందపడ్డాయి.

"కట్టడి మరిచావా?" సింహం గద్దించింది.

"మరవలేదు రాజా. శిక్ష తర్వాత వేద్దురుగాని. ముందు మీ పండితుణ్ణి ఏనుగన్న గుండె, ఎలక గుండె విని, ఎవరికేం జబ్బో చెప్పమనండి. సరిగ్గా చెబితే నా చెవులు రెండూ కోసిచ్చేస్తాను."

నక్కకి తప్పలేదు. ఏనుగు డొక్కకి చెవి పెట్టింది. ఒక చప్పుడు వినిపించింది. చాలాసేపటికిగాని రెండోది రాలేదు. "ప్రభూ, ఇది ఆగిపోతోంది. రెండ్రోజులకి మించి బతకడు." తర్వాత ఎలకని విన్నది. "అమ్మో, ఇది మరీ పరుగెడుతోంది. సాయంత్రానికి పగిలిపోతుంది."

ఏనుగు బావురుమంది. ఎలక ఉన్నచోటే కూలబడింది.

"లేవండి ఇద్దరూ," అంది సూరమ్మ. "మీకే రోగమూ లేదు. పెద్ద ఒంట్లో గుండె నిదానంగా కొట్టుకుంటుంది, చిన్న ఒంట్లో గబగబా. ఏనుగన్న గుండె పదేళ్లుగా వింటున్నాను, ఎప్పుడూ ఇదే నడక. పొద్దున్నే మద్దిమాన్లు లాక్కొచ్చి ఈ పందిరి వేసిందెవరు? రెండ్రోజుల్లో పోయేవాడా?"

సింహం నక్కవైపు తిరిగింది. "మరి మంచి గుండె ఎలా కొట్టుకోవాలోయ్?"

"నా గుండెలా ప్రభూ," అనేసింది నక్క.

సింహం మెల్లగా తన రొమ్ము తడుముకుంది. "నాది నీ గుండెకంటే నిదానం. అయితే నేనూ పోతానన్నమాట."

కొలువంతా గొల్లుమంది. అందరికంటే ఎలకే గట్టిగా నవ్వింది. జంబుకరావు తోక ముడుచుకుని ఒంటరిగా గుట్టెక్కింది. దుప్పి వాగు పక్కనే ఉండిపోయింది.

సింహం దండ తెచ్చి సూరమ్మ మెడలో వేసింది. సూరమ్మ మెడ తిప్పి, దాన్ని పువ్వు మిగలకుండా నమిలి మింగేసింది.

"ఇక దీన్ని ఎవడూ కాజెయ్యలేడు," అంది తీరిగ్గా. "నాకు కావలసింది దండ కాదు రాజా. ఆ కట్టడి తీసెయ్యండి. నేను విన్నది నేనే చెప్పుకుంటాను."

సింహం తల ఊపక తప్పలేదు.

తన గుండే కొలత అనుకునేవాడికి ఎదుటివాడి గుండె ఏనాటికీ వినబడదు.