తొలి తట్ట బురద

కొన్ని పేటలకు ఆడవాళ్లే పెద్దలుగా ఉండాలని ఒక మహానగరపు రాజు శాసనం చేశాడు. అలా రంగులపేటకు ముత్తెమ్మ పెద్ద అయింది. చావడిలో పెద్ద కుర్చీలో మాత్రం ఆమె మొగుడు భూషణం కూర్చున్నాడు. దండలూ అతని మెడకే. అడిగితే, "ఆలుమగలం, ఇద్దరం ఒకటే" అనేవాడు.

ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టించమని వీధులూడ్చే ముసలి సాయమ్మ మొత్తుకుంటే, "మీకు చీకటి ఉందిగా" అని నవ్వాడు.

వానలకు ముందు పేట పెద్దే మురుగుకాలువలోకి దిగి తొలి తట్ట బురద ఎత్తాలని ఆ నగరం ఆచారం. ఆ రోజు జనమంతా చూస్తుండగా భూషణం భార్యను ముందుకు తోశాడు.

"అదేంటి అయ్యగారూ? దండలకి ఇద్దరూ ఒకటేగా! బురదకీ మీరే దిగండి" అంది సాయమ్మ.

"నోర్ముయ్యవే! పేటకు పెద్ద ఇది, నేను కాదు!"

"అందరూ విన్నారుగా! దిగు తల్లీ, నేనూ ఓ చెయ్యి వేస్తా."

తట్ట ఎత్తాక ముత్తెమ్మ బురదకాళ్లతోనే చావడికెళ్లి కుర్చీలో కూర్చుంది. భూషణం లేవమన్నాడు.

"పెద్దను కానని పదిమందిలో మీరే అన్నారు, పక్కకు జరగండి. సాయమ్మా, మరుగుదొడ్డికి చోటు చూపించు. ఇక మనకు చీకటితో పనిలేదు."