అనసూయమ్మ కంప్యూటర్‌కు నీలం బటన్

నీలకంఠం బిగించిన బటన్ వెలుగుతోంది గానీ కంప్యూటర్ నిలవడం లేదు. మూడు రోజులుగా అదే వరస.

నంద్యాలలో రేడియోల కాలం నుంచి రిపేర్లు చేస్తున్న ఖాదర్ సాహెబ్ దగ్గర అతను ఆరేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. ఇక నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదని ఈమధ్యే గట్టిగా అనిపిస్తోంది.

ఆ కంప్యూటర్ పెళ్లికార్డులు కంపోజ్ చేసే అనసూయమ్మది. పాత బటన్ లోపలికి కుంగిపోతే, ఏడాదిగా అల్లికసూదితో పొడిచి ఆన్ చేసుకుంటోంది. అది చూసి నీలకంఠం మనసు ఊరుకోలేదు. చుట్టూ నీలం వెలుగొచ్చే స్టీలు బటన్ తెప్పించాడు. నొక్కితే టక్కుమని దిగి, మళ్లీ నొక్కేదాకా లోపలే ఉండిపోయే రకం. బటనంటే ఇలా నిలబడాలని మురిసిపోయాడు. స్విచ్చి వైర్లు రెండు, లైటు వైర్లు రెండు తానే కలిపాడు. మొదట లైటు వెలగకపోతే, ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయని ఉస్తాద్‌ని అడక్కుండానే కనిపెట్టాడు. దాంతో మరో అంగుళం ఎత్తు పెరిగాడు.

బటన్ నొక్కగానే నీలం వెలుగు వచ్చేది, ఫ్యాన్లు తిరిగేవి. అయిదు అంకెలు లెక్కపెట్టేలోగా అన్నీ ఆగిపోయేవి. నీలకంఠం పవర్ సప్లై మార్చాడు. ర్యామ్ తీసి తుడిచి పెట్టాడు. వీధిలో కరెంటును తిట్టాడు. తన చేతిపనిని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు.

మూడోరోజు మధ్యాహ్నం అనసూయమ్మ వచ్చి కూర్చుంటే, మదర్‌బోర్డు పోయిందని, కొత్తది వేయక తప్పదని తేల్చేశాడు. ఆమె ముఖం వాడిపోయింది. ఎల్లుండికల్లా ఇవ్వాల్సిన కార్డులు అందులోనే ఉన్నాయంది.

పక్కన టీ తాగుతున్న ఖాదర్ సాహెబ్ గ్లాసు కింద పెట్టాడు.

"నీలకంఠం."

"ఆఁ, ఉస్తాద్" అంటూ శిష్యుడు లేచాడు.

"నీలకంఠం."

"చెప్పండి ఉస్తాద్."

"నీలకంఠం."

అతను ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. సాహెబ్ అతని ముఖంలోకే చూస్తూ, గొంతు పెంచకుండా, తగ్గించకుండా, అదే పేరు పిలుస్తూ పోయాడు. ముసలాయనకు ఏమైనా అయిందేమోనని అనసూయమ్మ మంచినీళ్ల సీసా మూత తీసింది. పదోసారికి నీలకంఠం స్క్రూడ్రైవర్ బల్లమీద పడేసి, బయట మెట్టు మీద వీపు తిప్పి కూర్చున్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు.

సాహెబ్ మెల్లగా వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"ఏం నాయనా, ఆగిపోయావు?"

"మొదటి పిలుపుకే లేచాను కదా ఉస్తాద్. లేచినవాణ్ణి పట్టుకుని ఇంకా పిలుస్తూనే ఉంటే ఎవరైనా ఏం చేస్తారు?"

"అనసూయమ్మ కంప్యూటరూ మూడు రోజులుగా ఇదే మొత్తుకుంటోంది. నువ్వేమో దాని బోర్డు పోయిందంటున్నావు."

నీలకంఠం తల తిప్పి లోపలికి చూశాడు. బల్లమీద కంప్యూటర్ ఆరిపోయి ఉంది. బటన్ మాత్రం ఇంకా లోపలికి నొక్కుకుపోయే ఉంది, దాన్ని పిలుస్తూనే ఉన్నట్టు.

లేచి వెళ్లి, ఆ బటన్ వైర్లు విప్పడం మొదలుపెట్టాడు. ఏమైందని అనసూయమ్మ అడిగింది.

"బోర్డుకేం కాలేదక్కా" అన్నాడు, ఆమెకు మాత్రమే వినబడేంత మెల్లగా.